చైనా పట్టణీకరణ మీద పీహెచ్‌డీ: శ్రీకాకుళంలో ఎమ్మే అయ్యాక దారేటి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
ఎమ్మే పొలిటికల్ సైన్స్ ఆఖరి సెమిస్టర్. చైనా నగరాలు, వలసల మీద పరిశోధన చేసి కాలేజీలో స్థిరపడాలని ఉంది. చైనీస్ అక్షరం ముక్క రాదు. ముందు నెట్టా (యూజీసీ పెట్టే అర్హత పరీక్ష), భాషా? తెలిసినవాళ్లు చెప్పండి.

కోట జంక్షన్ (విజయనగరం):
రెండూ ఒకేసారి మొదలెట్టండి తమ్ముడూ. నెట్ నెలల పని, భాష ఏళ్ల పని. 2024 నుంచి పీహెచ్‌డీ సీటుకూ నెట్ స్కోరే చూస్తున్నారు. జేఆర్‌ఎఫ్ (నెట్‌లో పైస్థాయివాళ్లకిచ్చే పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000. అది రాక నెట్ ఫలితాల్లో కింది రెండు కేటగిరీల్లో (అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పాటు పీహెచ్‌డీ, లేదా పీహెచ్‌డీ మాత్రమే) పడితే సీటుకు నెట్‌ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది, చాలామంది దెబ్బతినేది అక్కడే. జేఎన్‌యూలో తూర్పు ఆసియా కేంద్రం, ఢిల్లీ యూనివర్సిటీలో ఈస్ట్ ఏషియన్ స్టడీస్ శాఖ చూడండి. చైనీస్ పత్రాలు స్వయంగా చదివే గైడ్ ఎవరో ముందు కనుక్కోండి.

భాష సంగతి: చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కే పాత లెక్కలో 4వ స్థాయికి 1,200 పదాలు, 5కి 2,500, 6కి 5,000. చైనా మున్సిపల్ నోటిఫికేషన్ అర్థం కావాలంటే 5 దాటాల్సిందే. తైవాన్ ప్రభుత్వం హువాయు స్కాలర్‌షిప్ ఇస్తుంది గానీ అక్కడ నేర్పేది పాత లిపి. చైనా పత్రాలన్నీ సరళ లిపిలో ఉంటాయి కాబట్టి దాన్ని పక్కనే సాధన చెయ్యాలి.

ఉద్దానం జీడి (పలాస):
‘చైనా పట్టణీకరణ’ అని సినాప్సిస్ రాస్తే కమిటీలో నిలవదు. హుకోవ్‌నో, భూమినో, ఒక నగరాన్నో పట్టుకోండి.

హుకోవ్ అంటే 1958 నాటి చట్టం కింద నడిచే నివాస నమోదు. 2020 జనగణనలో పట్టణాల్లో ఉంటున్నవాళ్లు 63.89 శాతం, పట్టణ హుకోవ్ ఉన్నవాళ్లు 45.4 శాతమే. మధ్యలో మిగిలినవాళ్లు సుమారు 26 కోట్లు. సిటీలో పని ఉంది, సిటీవాళ్లకొచ్చే బడి, పింఛను వీళ్లకు పూర్తిగా అందవు. ఏ శాతం వాడుతున్నారో చెప్పకుండా పేపర్ రాస్తే రివ్యూయర్ మొదటి పేజీలోనే పట్టేస్తాడు.

రెండో గొయ్యి ‘నగరం’ అనే లెక్క. చైనా నగరంగా లెక్కగట్టే చోంగ్‌చింగ్ విస్తీర్ణం సుమారు 82,400 చదరపు కిలోమీటర్లు, అంటే మన రాష్ట్రంలో సగం! అందులో పల్లెలు, కొండలు బోలెడు. జనాభా మొత్తం నగరానిదే అనుకుంటే లెక్క తప్పినట్టే.

నన్నడిగితే భూమే అసలు రాజకీయం. 1982 రాజ్యాంగం ప్రకారం పట్టణ భూమి ప్రభుత్వానిది, పల్లె భూమి సమష్టిది. 1994 పన్నుల సంస్కరణతో రాబడిలో ఎక్కువ వాటా కేంద్రానికి పోయింది, ఖర్చులు స్థానిక ప్రభుత్వాల నెత్తినే ఉండిపోయాయి. దాంతో పల్లె భూమి సేకరించి, వినియోగ హక్కు బిల్డర్లకు అమ్ముకోవడమే వాళ్ల ఆదాయమైంది. రైతు పరిహారానికేమో పంట విలువకు 30 రెట్లు అని పరిమితి. అది 2019 సవరణతో గానీ పోలేదు. భోగాపురం ఎయిర్‌పోర్టు భూసేకరణ చూసినవాళ్లకు ఈ గొడవ వేరే చెప్పక్కర్లేదు.

బొబ్బిలి వీణ (బొబ్బిలి):
ఒక హెచ్చరిక. చైనా పరిశోధన పత్రాల ఆన్‌లైన్ భాండాగారం సీఎన్‌కేఐలో థీసిస్‌లు, గణాంక పుస్తకాలు 2023 ఏప్రిల్ నుంచి విదేశాలవాళ్లకు సరిగా తెరుచుకోవట్లేదు. చైనా జాతీయ గణాంక సంస్థ వార్షిక సంచికలు మాత్రం ఉచితమే. దొరికిన ప్రతి పట్టికా అదే రోజు దించి దాచుకోండి, పేజీలు మాయమవుతుంటాయి.

ఉద్యోగ ప్రకటనల్లో ‘చైనా నగరాలు’ అన్న పోస్టు ఎక్కడా కనబడదు. పొలిటికల్ సైన్స్ అనో, అంతర్జాతీయ సంబంధాలు అనో ఉంటుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలు. అందుకే భారత్‌తో పోలుస్తూ ఒక్క పేపరైనా ఉంచుకోండి.

నాగావళి గట్టు:
వేరావల్ వెళ్లే మన మత్స్యకారులతో పోల్చొచ్చా అండి?

బొబ్బిలి వీణ:
పోల్చొచ్చు, కానీ జాగ్రత్త. మనవాళ్లకు రేషన్ కార్డు గుజరాత్‌లోనూ చెల్లుతుంది, అసలు మనకు హుకోవ్ లాంటి చట్టమే లేదు. చైనాలో వలస కూలీల పిల్లలు చాలామంది ఇప్పటికీ కాలేజీ ప్రవేశ పరీక్షకు సొంత ప్రావిన్సుకే పోవాలి. ‘వలస’ అని మొత్తం పోల్చకుండా రేషనో, బడో ఒక్కటి తీసుకుని రాయండి.