పరీక్షకుడి మాటే తుది నిర్ణయమా?

ప్రశ్న (గుంటూరు): మిరపకాయల తొడిమలు తీసే యంత్రానికి మా అన్నయ్య పేటెంటు కోసం దరఖాస్తు చేస్తే, అందులో కొత్తదనం లేదంటూ పరీక్షకుడి నివేదిక వచ్చింది. ఇక ఆశ వదులుకోవలసిందేనా?

జవాబు (విజయవాడ): అక్కర్లేదండీ. 1970 నాటి పేటెంట్ల చట్టం ప్రకారం పరీక్షకుడు పాత పేటెంట్లనూ ప్రచురణలనూ గాలించి నివేదిక ఇస్తారు. మంజూరు చేయడమో తిరస్కరించడమో పేటెంటు కార్యాలయంలో నిర్ణయం తీసుకునే అధికారి అయిన కంట్రోలర్ చేతిలో ఉంటుంది. నివేదికలో పేర్కొన్న పాత యంత్రానికీ మీదానికీ, బ్లేడు అమరికలోనో జల్లెడలోనో, తేడా ఎక్కడుందో స్పష్టంగా చూపుతూ 6 నెలల గడువులోగా సమాధానం పంపండి.

మరో జవాబు: చేతిరాత నిపుణుల విషయమూ ఇంతే. సంతకం ఫోర్జరీయేనని వారు చెప్పినా అది అభిప్రాయమే, తేల్చేది న్యాయమూర్తి. గీత వణికిన చోటునూ, కలం ఎత్తి మళ్లీ ఆనించిన చోటునూ చూపించి చెప్పే కారణాల వల్లే ఆ అభిప్రాయానికి బలం వస్తుంది.

ఇంకో జవాబు: వ్యతిరేక నిర్ణయానికి ముందు కంట్రోలర్ ఎదుట వాదన వినిపించుకునే అవకాశమూ ఉంది, తప్పక కోరండి.