'సిఫారసు చేయబడిన వారపు పఠనం': తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: గ్రంథాలయ సభ్యులకు ప్రతి శనివారం ఒక జాబితా వెళ్తుంది. ఆ వారం పత్రికల్లో వచ్చిన మంచి వ్యాసాలు పది, రాజకీయ, సాంస్కృతిక, క్రీడలు, వినోదం అని నాలుగు భాగాలుగా ఉంటాయి. పైన శీర్షిక 'సిఫారసు చేయబడిన వారపు పఠనం'. అర్థమవుతుంది గానీ తెలుగులా లేదు. ఏం పెడితే బాగుంటుందండీ?

జవాబు: 'ఈ వారం చదవదగినవి' అనండి, చాలు.

మీ శీర్షికలో మాటలన్నీ విడివిడిగా మంచివే. 'సిఫారసు' పారశీకం నుంచి వచ్చి మనలో ఎప్పుడో కలిసిపోయింది. కానీ తెలుగు చెవికి అది ఉద్యోగానికో సీటుకో పట్టుకెళ్లే సిఫారసు ఉత్తరం. కమిటీ సిఫారసులు అన్నా సరే. వ్యాసం పక్కన పెడితే మాత్రం 'ఎవరి సిఫారసు?' అనిపిస్తుంది. 'చేయబడిన' అసలే వద్దు. చేసినవారెవరో చెప్పకపోయినా మనకు 'బడు' అక్కర్లేదు: 'నిన్న వేసిన రోడ్డు', 'ఇక్కడ అమ్మిన టికెట్లు' అంటాం కదా. ఇక 'పఠనం' అంటే చదవడమనే పని, చదివే వస్తువు కాదు. పైగా వేదపఠనం, స్తోత్రపఠనం అన్నప్పుడు నోటితో పైకి చదవడమే. మీ జాబితాలో ఉన్నవి వ్యాసాలు.

మరొక జవాబు: పై మాటతో ఏకీభవిస్తాను. 'దగిన' ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది 'చదవతగిన', 'చూడతగిన' అని రాస్తున్నారు. పాత రూపం 'చదువన్ + తగిన'. ముందు మాట చివర ద్రుతం (జారిపోగల 'న్') ఉంది కాబట్టి దాని తర్వాతి పరుషం (గట్టిగా పలికే అక్షరం) 'త' సరళం (మెత్తగా పలికేది) 'ద' అయింది. తర్వాత 'న్' జారిపోయింది, 'ద' నిలిచిపోయింది. మెచ్చదగిన, ఎన్నదగిన, గమనించదగిన, అన్నీ ఇదే దారి. 'చదువదగిన' గ్రాంథికం, 'చదవదగిన' వాడుక. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే రాయండి.

'చదవదగ్గవి' అన్నా ఒప్పే, ఇంకాస్త మాట్లాడే తీరులో ఉంటుంది. ఆ 'దగ్గ' 'తగు' నుంచి వచ్చింది, 'తగ్గు' నుంచి కాదు. 'తగ్గట్టు' అన్నప్పుడు ఉన్నదీ అదే 'తగ్గ'.

ప్రశ్న: 'తప్పక చదవాల్సినవి' అంటే ఇంకా బలంగా ఉంటుందేమో?

జవాబు: బలం ఉంటుంది, అర్థం మారుతుంది. 'దగిన'లో యోగ్యత ఉంది: చదివితే మీ సమయం వృథా కాదని. 'వలసిన'లో విధి ఉంది: చదవకపోతే లోటని. వారానికి పది వ్యాసాలు 'తప్పక' అంటే మూడో వారానికి ఆ మాటకు విలువ పోతుంది. పదింటికీ 'చదవదగినవి' వాడి, నిజంగా వదలకూడని ఒక్కదానికి 'తప్పక చదవండి' అని గుర్తు పెట్టండి. ఆ ఒక్కటీ లేని వారం గుర్తే వద్దు.

మరొక జవాబు: 'ఈ వారం'లో చిన్న చిక్కుంది. ఈ వారం వచ్చినవా, ఈ వారం చదవమంటున్నవా? పాత వ్యాసం ఒక్కటి చేరినా పాఠకుడు తికమకపడతాడు. అప్పుడు ప్రతి పేరు పక్కనా పత్రిక పేరు, తేదీ వేయండి, శీర్షిక మార్చక్కర్లేదు.

'వారపు' మాట తప్పు కాదు, వారపు సంత ఉంది కదా. అయితే ఊళ్లలో 'ఇవాళ ఏ వారం?' అంటే ఏ రోజని అడగడం. ఆదివారం, సోమవారంలో ఉన్నదీ ఆ అర్థమే. ఏడు రోజుల అర్థం వారపత్రికలో ఉంది. రెండూ బతికే ఉన్నాయి. అందుకే 'వారపు పఠనం' కన్నా 'ఈ వారం' తేటగా ఉంటుంది.

లోపలి శీర్షికల్లో అసలు తప్పు 'రాజకీయ', 'సాంస్కృతిక'. అవి విశేషణాలు, వెనక నామం లేకుండా నిలబడవు. 'రాజకీయాలు', 'సంస్కృతి' అనాలి. 'రాజకీయం' అని ఏకవచనం పెడితే ఎత్తుగడ అనే అర్థం ముందు తడుతుంది. 'క్రీడలు' బాగుంది, 'ఆటలు' అన్నా సరే, పిల్లల ఆటలు కూడా అందులోకి వస్తాయంతే. 'వినోదం' కింద ఉన్నవన్నీ సినిమా వ్యాసాలే అయితే నేరుగా 'సినిమా' అనండి. ఒక నటుడి సంస్మరణ వ్యాసం, సినీ కార్మికుల వేతనాల మీద వ్యాసం 'వినోదం' కింద కనిపిస్తే చదివేవారికి నొప్పిగా ఉంటుంది.