తొమ్మిదేళ్లుగా ఒకే ప్రార్థన, జవాబు లేదు. మీరు విశ్వాసంలో ఎలా నిలబడ్డారు?

నిద్రలేని సిస్టర్:
అందరికీ వందనాలు. బయట ఎవరినీ అడగలేక ఇక్కడ అడుగుతున్నాను. నాకు తొమ్మిదేళ్లుగా నరాల నొప్పి, నడుము నుంచి కుడి పాదం దాకా, రాత్రిపూట దుప్పటి తగిలినా మంట. రెండు ఆపరేషన్లయినా తగ్గలేదు. ఈ మధ్యలోనే ఉద్యోగం పోయింది, ఒక బిడ్డను కడుపులోనే పోగొట్టుకున్నాం. నా దగ్గర ఒక ప్రార్థన నోట్‌బుక్ ఉంది, పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు తేదీ, విన్నపం, కుడివైపు జవాబు రాసుకుంటాను. మొన్న తిరగేస్తే, వేరేవాళ్ల కోసం చేసినవాటికి కుడివైపు ఏదో ఒకటి రాసి ఉంది, పరీక్ష పాసయ్యారనో పెళ్లి కుదిరిందనో. నా నొప్పికి ఎదురుగా మాత్రం ప్రతి పేజీలోనూ తెల్లగానే ఉంది.

నాలుగేళ్ల కిందట ఒక సేవకుడు తల మీద చెయ్యి పెట్టి, ఈ సంవత్సరం దాటకుండా నయమైందని నువ్వు సాక్ష్యం చెబుతావమ్మా అన్నారు. చెప్పలేదు. ఇప్పుడు సంఘంలో ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే "దేవుని కృప" అనేసి తప్పుకుంటున్నాను. దేవుడు లేడని నాకు అనిపించడం లేదు, వచ్చిన చిక్కే అది. ఉన్నాడు, వింటున్నాడు, అయినా ఏమీ చెయ్యడం లేదు. ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లు చెప్పండి. వాక్యాలు మాత్రం పంపకండి ప్లీజ్, అన్నీ కంఠతా వచ్చు.

జయజీవితం:
ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. దేవుడు ఎప్పుడూ ఆలస్యం చెయ్యడు. ఒప్పుకోని పాపం గానీ అపనమ్మకం గానీ ఉంటే జవాబు ఆగిపోతుంది, ఒకసారి పరీక్షించుకోండి. మందుల మీద ఆధారపడటం మానేసి 21 రోజులు ఉపవాసం ఉండండి. మీ గురించి నావి మేలు చేసే ఆలోచనలే అని దేవుడు చెప్పిన యిర్మీయా 29:11 పట్టుకోండి, అద్భుతం చూస్తారు.

తోమా తమ్ముడు:
బ్రదర్, ఆవిడ వాక్యాలు వద్దన్నారు, మీరు అదే పంపారు. పంపారు కాబట్టి దాని పైనున్న 10వ వచనం కూడా చదవండి. బబులోనులో చెరలో ఉన్నవాళ్లకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది, తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందని అందులోనే ఉంది. విన్నవాళ్లలో పెద్దవాళ్లు సొంత ఊరు మళ్లీ చూడకుండానే అక్కడే పోయి ఉంటారు. అందుకే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని కూడా రాశాడు. ఇక రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పినవాడు ముందు అధ్యాయంలో ఉన్నాడు, హనన్యా అనే అబద్ధ ప్రవక్త. జనానికి వినసొంపుగానే చెప్పాడు, కానీ యెహోవా నిన్ను పంపలేదని యిర్మీయా వాడి మొహం మీదే అన్నాడు. అక్కా, మీకు గడువు పెట్టి మాటిచ్చిన ఆయన గురించి ఇంతకన్నా నేను ఏమీ అనను.

పాపం సంగతికొస్తే, అపొస్తలుడైన పౌలు త్రోఫిమును జబ్బుతోనే మిలేతు అనే ఊళ్లో వదిలి వచ్చాడు. ఎంతోమందిని స్వస్థపరిచిన మనిషి, సొంత జతపనివాణ్ణి! అతనిలో ఏ పాపముందో వెతికినట్టు ఎక్కడా లేదు. తన శిష్యుడు తిమోతి కడుపు బాధకి కొంచెం ద్రాక్షారసం తాగమన్నాడు తప్ప ఉపవాసం ఉండమనలేదు. మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, నరాల నొప్పికి ఇచ్చేవి కొన్ని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు.

రాత్రి డ్యూటీ అమ్మ:
చెల్లీ, మా బాబుకి మూర్ఛ, వాడికిప్పుడు 14 ఏళ్లు, మాటలు రావు. విశ్వాసం పట్టుకుని ఉన్నానా అంటే ఏమో. రెండేళ్లు నా నోట ప్రార్థన రాలేదు, బైబిల్ తెరిస్తే ఒళ్లు మండేది. ఆ రోజుల్లో చదవగలిగింది 88వ కీర్తన ఒక్కటే (సారీ, నువ్వు వద్దన్న పనే చేస్తున్నా). మొరపెట్టే కీర్తనలు చాలావరకు చివరికి ఎక్కడో ఒకచోట స్తుతిలోకి తిరుగుతాయి, ఇది తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. రోజూ పిలుస్తున్నాను, ఎందుకు మొహం దాచుకున్నావు అని దేవుణ్ణి అడుగుతాడు రాసినాయన, అయిపోయింది. చివర్లో ఒక హల్లెలూయా కలిపేద్దామని ఎవరికీ తోచలేదు చూడు, అది నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. తిట్టినా సరే ఆయన్నే తిట్టుకుంటున్నాం కదా, ముఖం తిప్పుకుని వెళ్లిపోలేదు కదా అనిపించింది.

బిడ్డ గురించి రాశావు. పదిమంది బిడ్డల్ని ఒక్కరోజే పోగొట్టుకున్న యోబుకి మళ్లీ పదిమంది పుట్టారని అందరూ సంతోషంగా కథ ముగిస్తారు, మరి మొదటి పదిమంది? నిన్ను ఎవరైనా అలా ఓదార్చబోతే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచిపని ఏడు రోజులు నోరు మూసుకుని పక్కన కూర్చోవడం. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ల మీద, యోబే సరిగ్గా మాట్లాడాడన్నాడు.

ఇంకొకటి, పక్షవాతం ఉన్నవాణ్ణి నలుగురు పైకప్పు విప్పి దించారు గుర్తుందా, అక్కడ యేసు చూసింది వాళ్ల విశ్వాసం అని ఉంది. నీకు చేతకాని రోజుల్లో వేరేవాళ్లు మోస్తారు, నాకు మా అత్తయ్య మోసింది, నా పక్కన కూర్చుని తనే ప్రార్థన చేసేది, నన్ను ఆమేన్ కూడా అనమనేది కాదు.

పాత పుటలు:
నేను మూడేళ్లు పూర్తిగా వదిలేశాను. మళ్లీ వచ్చినప్పుడు ప్రశ్నలు అలాగే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. మదర్ తెరెసా పోయిన పదేళ్లకి, 2007లో, ఆమె ఉత్తరాలు బయటికొచ్చాయి. దేవుడు దగ్గరున్నట్టు అనిపించకుండానే ఆమె దశాబ్దాల పాటు ఆ పని చేసిందట. అది తెలిశాక ఆదివారం ఏమీ అనిపించకపోయినా వెళ్లి వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాను. ముందు బెంచీకి ఇంకా రాలేదు లెండి.

నిద్రలేని సిస్టర్:
హనన్యా సంగతి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు తమ్ముడూ, రెండుసార్లు చదివాను. అక్కా, మొదటి పదిమంది అన్న చోట ఏడ్చాను, చాలా రోజులైంది ఏడ్చి. జయజీవితం బ్రదర్, మీరు మంచి మనసుతోనే రాశారని తెలుసు, కానీ అవన్నీ చేసేశాను, ఉపవాసంతో సహా. గురువారం కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. నయం కావాలని ప్రార్థన చెయ్యకండి, ఇప్పుడు అది వినే ఓపిక కూడా లేదు. వరుసగా నాలుగు గంటలు నిద్ర పట్టాలని అడగండి, అది చాలు.

రాత్రి డ్యూటీ అమ్మ:
బాబుకి మందు వెయ్యడానికి రోజూ రాత్రి రెండింటికి లేస్తాను. అప్పుడు అడుగుతాను. నువ్వు పడుకో.