సముద్రం పక్కన ఇల్లు: ఏఏసీ బ్లాకులా, ఎర్ర ఇటుకా?

మధురవాడ ప్లాటు (ప్రశ్న)

విశాఖపట్నం మధురవాడలో 180 గజాల స్థలంలో కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను కడుతున్నాం. పడమర ముఖం. పిల్లర్లు లేచాయి, వచ్చే నెల గోడలు మొదలు. ఇంజినీరు గారు ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు దిమ్మెలు) పెట్టమంటున్నారు. మా మేస్త్రీ మాత్రం సముద్రపు గాలికి ఎర్ర ఇటుకే నిలుస్తుందని, బ్లాకు నీళ్లు తాగి కూర్చుంటుందని పట్టుబట్టాడు.

ఇప్పుడు మేము అద్దెకుంటున్న ఇల్లు ఎర్ర ఇటుకదే. పడకగదిలో ఒక గోడకు నడుము ఎత్తు వరకు చెమ్మ, దాని మీద నల్లటి బూజు. రంగు పొక్కులు లేచి, చీపురు తగిలితే రాలుతోంది. రాత్రి పదింటికి కూడా శ్లాబు సెగ నెత్తిమీద కొడుతూనే ఉంటుంది. ఈ రెండు బాధలూ కొత్త ఇంట్లో వద్దు. అందుకే బ్లాకుల వైపు మొగ్గుతున్నాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తాపీ పని, 31 ఏళ్లు

మీ మేస్త్రీ మాటలో నిజం ఉందండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వాన అడ్డంగా కొట్టింది. ఆ తర్వాత మూడు నెలలు నాకు కారిన గోడలు బాగుచేయడమే పని. నీళ్లు ఎక్కువగా వచ్చింది కిటికీ చట్రం చుట్టూ, పిల్లరుకూ గోడకూ మధ్య చీలికలోంచి. బ్లాకు గోడలో ఆ చీలిక తొందరగా వస్తుంది. ఎర్ర ఇటుకను తొట్టిలో నానబెట్టి కట్టడం మా చేతులకు అలవాటు. అదే అలవాటుతో బ్లాకును నానబెడితే అది ఆరుతూ కుంచించుకుపోతుంది, ప్లాస్టరింగు మీద వెంట్రుకవాసి పగుళ్లు పాకుతాయి. వాటిలోంచి ఉప్పుగాలి, వాననీరు. నేను కట్టిన రెండు ఇళ్లలోనే ఇలా జరిగింది, దాచేదేమీ లేదు. తీరంలో నా ఓటు ఎర్ర ఇటుకకే.

గోడ లెక్కల ఇంజినీరు

మేస్త్రీ గారు నిజాయతీగా చెప్పారు. కానీ ఆయన చెప్పిన తప్పంతా కట్టిన తీరులో ఉంది.

లోపలి గాలికీ బయటి గాలికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరు గోడ గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చూద్దాం. ప్లాస్టరింగు చేసిన తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడకు సుమారు 2. ఎనిమిదంగుళాల ఏఏసీ గోడకు సుమారు 0.8. బ్లాకులో చిక్కుకున్న గాలి వల్లే ఈ తేడా. నీరు నిశ్చలమైన గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని పోనిస్తుంది కాబట్టి, బ్లాకు తడిస్తే ఆ లాభం చాలావరకు పోతుంది. అది ఒప్పుకుంటాను.

అందుకని తడవకుండా కట్టాలి. బ్లాకును నానబెట్టకండి, పైపైన నీళ్లు చిలకరిస్తే చాలు. మూడు మిల్లీమీటర్ల జిగురుతో వరసలు పేర్చాలి. పిల్లరూ దూలమూ గోడను కలిసే చోట మెష్ (పగుళ్లు రాకుండా పట్టే వల) బిగించాకే ప్లాస్టరింగు. సిమెంటు ఎక్కువ కలిపితే గట్టిదనం అనుకోవద్దు, బ్లాకు మీద ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక సరిపోతుంది. ఇంకొకటి, సన్‌షేడు అడుగున అంచుకు దగ్గరగా వేలు పట్టేంత గాడి తీయించండి. వాననీటి బొట్టు అక్కడికి వచ్చి తెగి కింద పడుతుంది, గోడ వైపు పాకదు.

తాపీ పని, 31 ఏళ్లు

గాడి మాట బంగారం. మెష్ సంగతి మాత్రం మమ్మల్ని అడగకండి. బిల్లులో ముందు కోత పడేది దానికే. యజమానే వద్దంటాడు, పగిలాక మేస్త్రీని అంటాడు.

కూకట్‌పల్లి ఆర్కిటెక్టు

బరువైన గోడను ఇంత తేలిగ్గా కొట్టిపారేయకండి. ఇటుక గోడ మధ్యాహ్నం తాగిన వేడిని ఆరేడు గంటలు తనలోనే ఉంచుకుంటుంది. హైదరాబాదులో మే నెలలో పగలు 40 తాకినా తెల్లవారుజాముకు 26, 27కు దిగుతుంది. రాత్రి కిటికీలు తెరిస్తే గోడ చల్లబడి మర్నాటికి సిద్ధమవుతుంది. మా ఇల్లు అలాగే నడుస్తోంది.

గోడ లెక్కల ఇంజినీరు

హైదరాబాదుకు మీ మాట సరైనదే. విశాఖలో మే నెలలో పగలు 34, 35, రాత్రి 27, 28. ఆ కాస్త తేడాతో గోడ ఎప్పుడు చల్లబడాలి? పడమటి గోడ దాచుకున్న వేడి సరిగ్గా పిల్లలు పడుకునే వేళకు గదిలోకి వస్తుంది. నమ్మకపోతే రాత్రి తొమ్మిదికి మీ పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి, తర్వాత ఉత్తరపు గోడ మీద.

అనంతపురం మిద్దె

గోడల మీద ఇంత పట్టుదల చూస్తుంటే బాధగా ఉంది, ఎవరూ పైకి చూడటం లేదు! విశాఖ అక్షాంశం 17.7 డిగ్రీలు. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నిట్టనిలువుగా నెత్తిమీద ఉంటాడు. ఆ వేళ దక్షిణపు గోడకు దాదాపు ఎండే తగలదు, మొత్తం శ్లాబు మీదే. ఇంజినీరు గారు చెప్పిన లెక్కలోనే అయిదంగుళాల ఉత్త శ్లాబుకు 3.5 వరకు వస్తుంది, అంటే ఎర్ర ఇటుక గోడకన్నా అధ్వాన్నం. కేంద్రం నివాస గృహాల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018 పైకప్పుకు 1.2 దాటకూడదంటుంది. మనం కట్టే డాబాల్లో దాని దరిదాపుల్లో ఉన్నవి ఎన్ని?

మా తాతగారిది మట్టి మిద్దె. దూలాలు, దంతెలు, పైన కట్టె, దాని మీద మందంగా మట్టి, ఆపైన చౌడు. ఏటా తొలకరికి ముందు కొత్త చౌడు తెచ్చి చల్లేవాళ్లు. తడిస్తే చౌడు మెత్తబడి సందులు పూడుకుంటాయి, నీరు దిగదు. ఒకే కప్పు అటు ఎండనూ ఇటు వాననూ ఆపేది. రోహిణి కార్తెలో కూడా మధ్యాహ్నం ఆ మిద్దె కిందే నిద్రపోయేవాళ్లం. వాన తక్కువైన సీమకు అది సరిపోయింది, విశాఖ వానకు ఆగదు. కానీ కప్పు మీద అంత శ్రద్ధ ఇప్పుడేమైంది?

మీరు చేయగలిగింది ఇది: శ్లాబు మీద వాటర్‌ప్రూఫింగు, దానిపై రెండంగుళాల గట్టి ఫోము పలకలు, వాలుగా కాంక్రీటు, ఆపైన తెల్ల టైలు. 3.5 కాస్తా 0.6 దగ్గరకు వస్తుంది. అంత డబ్బు లేకపోతే తెల్ల కూలింగు పెయింటైనా వేయండి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది దీనికోసమే. దుమ్ము పడితే తెలుపు పనిచేయదు, వేసవికి ముందు కడగాలి.

గాజువాక ఫ్లాటు

కింద థర్మకోల్ ఫాల్స్ సీలింగు వేస్తే సరిపోదా? ఖర్చు తక్కువ కదా.

అనంతపురం మిద్దె

గదికి కొంత ఉపశమనం ఉంటుంది. కానీ శ్లాబు అలాగే కాలుతుంది. పగలు సాగి, రాత్రి ముడుచుకుని పగుళ్లిస్తుంది, వానాకాలంలో ఆ పగుళ్లే కారతాయి. గొడుగు తల పైన పట్టాలి.

మిన్నెసోటా తెలుగు

చెమ్మ గురించి ఒక మాట చెప్పాలి. మాది శ్రీకాకుళం, ఇక్కడ ఇళ్ల తనిఖీ పని చేస్తాను. ఇక్కడ చలికాలంలో ఇంట్లోని ఆవిరి బయటికి పోతూ గోడలో గడ్డకట్టకుండా, లోపలి వైపు ప్లాస్టిక్ షీటు కడతారు. అది చూసి విశాఖలో గది లోపల వినైల్ వాల్‌పేపరు, పీవీసీ పలకలు, నూనె రంగు వేయించుకుంటే అనర్థం. అక్కడ ఆవిరి నడక తలకిందులు. బయట 33 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం ఉంటే ఆ గాలి 27 డిగ్రీల చల్లదనం తగలగానే నీరు వదులుతుంది. మీరు లోపల ఏసీ 24లో పెడతారు. బయటి ఆవిరి గోడలోంచి వచ్చి వాల్‌పేపరు వెనక ఆగి నీరవుతుంది. ఆపేది ఏదైనా బయటి ముఖం మీదే ఉండాలి. లోపలి ముఖం ఆరేలా ఉండాలి: సున్నమో, మామూలు నీటి రంగో.

గాజువాక ఫ్లాటు

ఇది మా ఇంట్లో జరిగింది. ఏసీ గదిలో పడమటి గోడకు పూల వాల్‌పేపరు అంటించారు. రెండో వానాకాలంలో మూల ఊడితే లాగాను. వెనకంతా నల్లని మచ్చలు, తడి గోనెసంచి వాసన. ఆ గదిలో పడుకునే మా అమ్మకు అప్పటికి ఆరు నెలలుగా దగ్గు. అంటించిన వాళ్లు అసలు గోడే మంచిది కాదన్నారు.

మిన్నెసోటా తెలుగు

మధురవాడ గారూ, మీ అద్దె ఇంటి చెమ్మ మాత్రం ఇటుక వల్లే అని తేల్చేయకండి. చెమ్మ ఉన్న చోట గోడ తుడిచి, జానెడు అల్యూమినియం ఫాయిలును నాలుగు అంచులా టేపుతో బిగించండి. రెండు రోజులు ఆగండి. గది వైపు తడిస్తే గాలిలోని తేమ. గోడ వైపు తడిస్తే నీరు గోడలోనే ఉంది.

మధురవాడ ప్లాటు

ఈ ఉదయం ఫాయిలు తీశాను. గది వైపు పొడి. గోడ వైపు సన్నటి బొట్లు, వేలితో రాస్తే కారాయి. ఆ గోడకు అవతల స్నానాల గది. రెండేళ్లుగా దాన్ని ఆనుకునే పడుకుంటూ ఇటుకను తిట్టుకున్నాను. ఇంటివారికి చెప్పాను, రేపు ప్లంబరు వస్తున్నాడు.

కొత్త ఇంటికి శ్లాబు మీద ఫోము, తెల్ల టైలు ఖాయం చేశాం. అందుకోసం ముందు వరండా గ్రానైటు మానేశాం. తూర్పు, పడమర గోడలకు బ్లాకులు. దక్షిణం, ఉత్తరం మేస్త్రీ ఇష్టానికి వదిలాను. మెష్ డబ్బు ముందే చేతికిస్తానన్నాను, అయినా ఆయనకు మనసొప్పడం లేదు. తాపీ పని గారూ, మీరు విశాఖలోనే ఉంటే పడమటి గోడ మొదలుపెట్టే రోజు ఒకసారి వచ్చి ఆయనతో మాట్లాడతారా?

తాపీ పని, 31 ఏళ్లు

నా ఓటు మార్చుకోలేదండి. కానీ బ్లాకు అని నిశ్చయించుకున్నాక సరిగ్గానే కట్టాలి. రోజు చెప్పండి, వస్తాను. ఈలోగా బ్లాకులు దిగితే మట్టి మీద పేర్చనివ్వకండి, కింద చెక్కలు వేసి పైన టార్పాలిన్ కప్పించండి. ఒక్క రాత్రి వాన పడితే గోడ కట్టకముందే తాగేస్తాయి.