ఓటీపీ చెబితే సభ్యత్వం, మరి మాట చెల్లేదెప్పుడు?

చీపురుపల్లి సభ్యుడు:
మితవాద (రైట్‌వింగ్) జనాకర్షక పార్టీలు మన ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ సభ్యత్వాలు చేయిస్తున్నాయి. ఆ సభ్యత్వానికి పార్టీ లోపల విలువ ఉందా అన్నది నా ప్రశ్న. 2014 నవంబరులో మిస్డ్ కాల్ పద్ధతిలో చేర్పులు మొదలుపెట్టిన భారతీయ జనతా పార్టీ, మరుసటి ఏడాదికే తమ సభ్యులు 10 కోట్లు దాటారని ప్రకటించింది. మొన్న మా ఊరి రచ్చబండ దగ్గర ఒక కుర్రవాడు (ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం) ముసలమ్మల ఫోన్లు తీసుకుని, వచ్చిన ఓటీపీని తానే చదివి తానే నొక్కుతూ, పొద్దు గుంకేలోగా తనకిచ్చిన లెక్క పూర్తి చేశాడు. "ఇది గ్యాసు డబ్బులకా బాబూ?" అని ఒకామె అడిగింది. ఆమెను సభ్యురాలు అనగలమా?

పలాస సభ్యుడు:
మీరు చూసింది తప్పే, కాదనను. అయితే ఆ కుర్రవాడి వైపు నుంచి కూడా ఆలోచించండి. తాతో తండ్రో సర్పంచిగా చేయనివాడికి మన జిల్లాల్లో మండల స్థాయి పదవి అందడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. ఓటర్ల జాబితాలో ఒక పేజీని చేతికిచ్చి, అందులోని ఇళ్లన్నీ నీ బాధ్యత అని అప్పగించే 'పన్నా ప్రముఖ్' పద్ధతి అటువంటివాడికి ఒక పనిని, ఊళ్లో ఒక గుర్తింపును ఇచ్చింది. 2024లో ఎచ్చెర్ల శాసనసభ స్థానాన్ని భారతీయ జనతా పార్టీ గెలవడానికి కూటమి బలమే ముఖ్య కారణమని ఒప్పుకుంటాను. కానీ ఎండలో గడప గడపకూ తిరిగినవాళ్ల శ్రమను లెక్కలోంచి తీసేయలేం.

చీపురుపల్లి సభ్యుడు:
ఆ శ్రమ మీద గౌరవం ఉంది కాబట్టే అడుగుతున్నాను. నెదర్లాండ్స్‌లో ఖీర్ట్ విల్డర్స్ 2006లో స్థాపించిన ఫ్రీడమ్ పార్టీలో సభ్యుడు ఆయన ఒక్కడే. అయినా 2023లో 150 స్థానాలకు 37 గెలుచుకుని అది మొదటి స్థానంలో నిలిచింది. అక్కడ సభ్యులే లేరు, ఇక్కడ కోట్లమంది ఉన్నారు. అభ్యర్థి ఎవరన్నది మాత్రం రెండుచోట్లా పైవాళ్లే తేలుస్తున్నారు. మన ప్రాంతీయ పార్టీలదీ ఇదే తీరు, నిజమే. కానీ పెద్ద కుటుంబాల పెత్తనం మీద జనం తరఫున నిలబడ్డామని చెప్పుకునే పార్టీని ఇంకాస్త గట్టిగా అడగడం న్యాయం. 2010లో సోంపేట బీల అనే చిత్తడి నేలలను థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇవ్వబోమని రైతులు, మత్స్యకారులు నిలబడి, కాల్పుల్లో ప్రాణాలు పోయినా వెనక్కి తగ్గనప్పుడు వారి బలం ఏ పార్టీ కార్డులోంచీ రాలేదు.

పలాస సభ్యుడు:
సోంపేట విషయంలో మీతో ఏకీభవిస్తాను. సంస్థాగత ఎన్నికలు భారతీయ జనతా పార్టీ నియమావళిలోనే ఉన్నాయి. ఏకాభిప్రాయం పేరుతో వాటిని దాటవేయకుండా, మండల అధ్యక్షుణ్ణి సభ్యుల చేత ఓటు వేయించి ఎన్నుకోమని కార్యకర్తలమైన మేమే అడగాలి. ఈసారి మా మండల సమావేశంలో ఆ మాట నేనే లేవనెత్తుతాను.