డ్రాప్ ఫెన్స్ దిగాక మా గుర్రం ముందుకాలు ఎందుకు తడబడుతోంది?

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లాండ్‌లో ఉంటాం. మా అమ్మాయికి 15 ఏళ్లు, 90 సెంటీమీటర్ల ఎత్తు అడ్డంకులుండే క్రాస్ కంట్రీ పోటీల్లో (ఆరుబయట గుర్రం మీద అడ్డంకులు దాటే పోటీలు) దూకుతోంది. గుర్రం 11 ఏళ్ల ఆడగుర్రం, చాలా ధైర్యం గలది. మామూలు దుంగలు, గుంతలు హాయిగా దాటేస్తుంది. ఇబ్బందల్లా అవతలి నేల పల్లంగా ఉండే డ్రాప్ ఫెన్స్ దగ్గరే.

పోయిన వారం వీడియో నెమ్మదిగా తిప్పి చూశాను. దిగేటప్పుడు ఒక ముందుకాలు ముందు ఆనుతుంది, ఆ వెంటనే రెండోది. మొదటి కాలి గిట్ట పైనున్న కీలు దాదాపు నేలకు తగిలేంత కిందికి వంగిపోయింది. చూస్తుంటే నా ప్రాణం విలవిల్లాడింది. గుర్రానికి మనలా జత్రుక ఎముక (కాలర్ బోన్) ఉండదని, ఛాతీ మొత్తం భుజాల మధ్య కండరాల మీదే వేలాడుతుందని చదివాను. అంటే ఆ దెబ్బంతా ఆ కండరాలూ, కాలి వెనక టెండన్లే (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి నరాల్లాంటి పట్టీలు) తట్టుకోవాలి కదా?

మా గుర్రం ఎప్పుడూ ఎడమకాలే ముందు ఆనిస్తోంది. మూడుసార్లలో రెండుసార్లు తడబడింది. మర్నాడు ఆ టెండన్ మీద చెయ్యి పెడితే కాస్త వెచ్చగా అనిపించింది, కుంటడం మాత్రం లేదు. వెటర్నరీ డాక్టర్ శుక్రవారం వస్తారు. అప్పటిదాకా దూకించడం ఆపేశాం.

ఎప్పుడూ ఒకే కాలు ఆనించడం అలవాటా, ఎక్కడో నొప్పికి గుర్తా? ఛాతీ కండరాలు బలపడటానికి ఎత్తుపల్లాల్లో నడిపించడం పనికొస్తుందా? దిగేటప్పుడు అమ్మాయి ముందుకు వాలిపోతోంది, దానివల్ల కూడా ముందుకాళ్ల మీద భారం పెరుగుతోందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. డాక్టర్‌ని ఇంకేం అడగాలో కూడా రాయండి.