లెక్కలో పీహెచ్ 7.4, మీటర్‌లో 6.97: ఫాస్ఫేట్ బఫర్‌లో తప్పెక్కడ?

ప్రశ్న:
డిగ్రీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్‌కి 0.1 మోలార్ సోడియం ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ పెద్దగా మారకుండా నిలిపే ద్రావణం), పీహెచ్ 7.4, 200 మి.లీ. కావాలి. పీకేఏ (ఫాస్ఫేట్ రెండు రూపాలూ సమానంగా ఉండే పీహెచ్) 7.2 తీసుకుని హెండర్సన్–హాసెల్‌బాక్ సమీకరణం వేస్తే తేడా 0.2, దాని యాంటీలాగ్ 1.58; డైబేసిక్ (డైసోడియం ఉప్పు), మోనోబేసిక్ (మోనోసోడియం ఉప్పు) నిష్పత్తి అదే. అందుకని 0.2 మోలార్ డైబేసిక్ 61 మి.లీ., మోనోబేసిక్ 39 మి.లీ. కలిపి నీళ్లతో 200కి తెచ్చాను. మీటర్ 6.97 చూపిస్తోంది. 7.00, 9.18 బఫర్లతో క్యాలిబ్రేట్ చేసే పెట్టాను. సోడియం హైడ్రాక్సైడ్ పోసి 7.4కి తెచ్చేయవచ్చా?

జవాబు 1:
మీ లెక్కా సరే, మీటరూ సరే. తేడా అంతా పీకేఏ దగ్గరుంది. 7.2 అనేది బాగా పలచటి ద్రావణానికి చెప్పే విలువ. 0.1 మోలార్‌లో చుట్టూ సోడియం అయాన్లు కిక్కిరిసి ఉంటాయి. ఒక్క రుణావేశం ఉన్న మోనోబేసిక్ అయాన్ కంటే రెండున్న డైబేసిక్ అయాన్‌కి వాటి ఆసరా ఎక్కువ. దాంతో ప్రోటాన్ సులువుగా వదిలిపోతుంది, పీకేఏ 6.8 దాకా దిగుతుంది. ల్యాబుల్లో వాడే పట్టిక ప్రకారం 7.4కి డైబేసిక్ 81, మోనోబేసిక్ 19. ఆ నిష్పత్తి 4.26, లాగ్ 0.63, అంటే పీకేఏ 6.77. ఇప్పుడు మీ 61:39ని ఇదే 6.77తో వేసి చూడండి, 6.96 వస్తుంది. మీ మీటర్ చెప్పింది దాదాపు అదే.

జవాబు 2:
హైడ్రాక్సైడ్ పోయొచ్చండీ. అది మోనోబేసిక్‌ని డైబేసిక్‌గా మారుస్తుందే తప్ప మొత్తం ఫాస్ఫేట్ మారదు. మీ బఫర్‌లో ఫాస్ఫేట్ 20 మిల్లీమోల్స్. డైబేసిక్ వాటా 61 నుంచి 81 శాతానికి పెరగాలంటే 4 మిల్లీమోల్స్ కావాలి, అంటే 1 మోలార్ హైడ్రాక్సైడ్ సుమారు 4 మి.లీ. చివర్లో చుక్కచుక్కగా, కలుపుతూ పోయండి. ఈసారి మాత్రం 180 మి.లీ. దగ్గర ఆగి, పీహెచ్ సరిచేశాకే 200కి నింపండి.

జవాబు 3:
81:19 కలిపినా 7 దగ్గరే ఆగిపోతే డైసోడియం ఉప్పు సీసా లేబుల్ చూడండి. లీటరు 0.2 మోలార్‌కి నీటి అణువులు లేనిదైతే 28.4 గ్రా., రెండున్నదైతే 35.6, పన్నెండున్నదైతే 71.6. పన్నెండున్న ఉప్పుని 28.4 గ్రాములే తూస్తే వచ్చేది 0.08 మోలార్. డైబేసిక్ సగానికి పైగా తగ్గిపోతుంది, పీహెచ్ కూడా దిగుతుంది. లక్షణం ఒకటే, కారణం వేరు. ప్రాక్టికల్స్‌లో ఈ పొరపాటు జరుగుతుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇదే బఫర్‌ని పది రెట్లు పలచన చేస్తే 7.4 నిలుస్తుందా?

జవాబు 1:
నిలవదు. అయాన్లు పలచబడితే పీకేఏ మళ్లీ 7.2 వైపు ఎక్కుతుంది, దాంతోపాటు పీహెచ్ కూడా. పది రెట్లు గాఢమైన పీబీఎస్ (ఉప్పు కలిపిన ఫాస్ఫేట్ బఫర్) స్టాక్‌ని 6.8 దగ్గర ఉంచేది అందుకే, పలచన చేశాక 7.4 దగ్గరికి వస్తుంది. ఇంకో మాట: మీ ప్రయోగం ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మీదైతే ఈ బఫర్ వద్దు. ఫాస్ఫేట్ ఆ ఎంజైమ్ క్రియాస్థానంలో తనే కూర్చుని చర్యని అడ్డుకుంటుంది.